అరిగిన చోటే అసలు ఆనవాలు

వానాకాలం పోయాక ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాల వాగుల్లో నడిస్తే మూడు రకాల రాళ్లు ఒకదాన్నొకటి పోలి కనిపిస్తాయి. రాతిగా మారిన మాను, రాతిగా మారిన ఎముక, ఈ రెండూ కాని ఇనుపరాతి ముద్ద. మూడూ గోధుమ రంగే, మూడూ చేతికి బరువే. నీళ్లలో దొర్లి దొర్లి మూడింటి అంచులూ గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి. వీటిలో ఏది ఏదో తేల్చడమే శిలాజాలు ఏరేవాళ్లకు మొదటి పరీక్ష. జంతువు పేరు చెప్పడం చాలా తర్వాత సంగతి.

ఆ పరీక్ష ఎలా సాగుతుందో ఒకే ఒక్క ముక్కను పట్టుకుని చెబుతాను. శిలాజాల సరదా ఉన్న ఒక బడి మాస్టారు తెచ్చిన ముక్క ఇది. 14 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు. మందం ఒక చివర ఎక్కువ, మరో చివర తక్కువ. ఒక పక్క నున్నగా ఉబ్బెత్తుగా ఉంది, రెండో పక్క గరుకుగా లోపలికి పోయి ఉంది. బల్ల మీద పెడుతూనే ఆయన పేరు కూడా పెట్టేశారు. "సార్, ఇది డైనోసార్ తొడబొక్క. మస్తు బరువున్నది, చూడుండ్రి."

ఆయన అలా అనుకోవడానికి ఈ లోయ చరిత్రే కారణం. ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన ఎముకలతోనే బారాపాసారస్ టాగోరై అనే భారీ డైనోసార్‌కు 1975లో పేరు పెట్టారు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సుమారు 300 ఎముకలు సేకరించి అస్థిపంజరాన్ని తమ మ్యూజియంలో నిలబెట్టారు. నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తీసిన కోటాసారస్‌కు 1988లో పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. అక్కడికి విహారయాత్రకు వెళ్లొచ్చిన పిల్లలున్న బడిలో గోధుమరంగు రాయి దొరికితే అది డైనోసార్ కాక మరేమవుతుంది! కానీ మ్యూజియంలో నిలబెట్టిన ఎముకకు తలా తోకా ఉంటాయి. వాగులో అరిగినదానికి అవి ఉండవు. దీన్ని వేరే దారిలో చదవాలి.

ముందు చోటు, తర్వాత రాయి

ముక్కను చేతిలోకి తీసుకోకముందే నేను అడిగింది చోటు గురించి.

"ఎక్కడ ఏరారు? గట్టులో దిగబడి ఉందా, వాగులో పడి ఉందా?"

"వాగుల్నే సార్. ఇసుక మీద పైకే ఉండె."

"చుట్టుపక్కల ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?"

"చిన్న చిన్న పెంకులు నాలుగైదు ఉండె. అవి తేలే."

గట్టులోని మట్టిలో ఇంకా దిగబడి ఉన్న శిలాజం తన పొరలో తాను ఉన్నట్టు లెక్క. ఆ పొర వయసే దాని వయసు. వాగులో పడి ఉన్నది పైనుంచి కొట్టుకొచ్చింది. ఎంత పైనుంచి, ఏ పొరలోంచి అన్నది దాని ఒంటి మీద రాసి ఉండదు. అయితే అంచులు చూస్తే కొంత తెలుస్తుంది. ఈ ముక్కకు ఒక చివర బాగా నునుపు తేలింది, రెండో చివర విరుగుడు ఇంకా పదునుగానే ఉంది. అంటే ఈమధ్యే, ఒకటి రెండు వరదల కిందట, పెద్ద ముక్కలోంచి విరిగింది. మాస్టారు వదిలేసి వచ్చిన పెంకులు ఆ మిగతా ముక్కవే కావచ్చు. అరిగిన శిలాజం దొరికిన చోట చిల్లర పెంకులను చులకన చేయకూడదు. వేలెడంత పెంకు ఒక్కోసారి పెద్ద ముక్క చెప్పలేనిది చెబుతుంది.

కాబట్టి మొదటి పని ఫోటో. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి, రాయిని కదపకముందు పక్కన రూపాయి నాణెం పెట్టి ఒకటి, వాగూ గట్టూ కలిసి వచ్చేలా దూరం నుంచి ఇంకొకటి తీయాలి. ఇంటికొచ్చాక ఆ చోటును భూగర్భ పటం మీద పెట్టి చూడాలి. జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో ఈ పటాలు ఎవరైనా చూడొచ్చు. అన్నట్టు ఈ లోయలో చాలా భాగం రిజర్వు అడవి, కొంత అభయారణ్యం. అక్కడ అనుమతి లేకుండా రాయి కూడా తీయకూడదు. ఫోటోతోనే తిరిగి రావాలి.

మాస్టారు చెప్పిన వాగు పటంలో రెండు మూడు పొరలను కోసుకుంటూ వస్తోంది. ఈ లోయలో పొరలకు ఊళ్ల పేర్లే పెట్టారు. మలేరి పొర ఎర్ర బంకమన్ను, ట్రయాసిక్ కాలం చివరిది, దాదాపు 22 కోట్ల ఏళ్ల నాటిది. దాని మీద ధర్మారం పొర. దాని పైన, ప్రాణహిత ఆవలి ఒడ్డున ఉన్న కోట గ్రామం పేరుతో పిలిచే కోట పొర. అది జురాసిక్ కాలానిది, అందులో చేపల ముద్రలున్న సున్నపురాయి కూడా ఉంది. ఈ పటం చేతిలో ఉంటే సగం పొరపాట్లు మొదట్లోనే తప్పిపోతాయి. కడప జిల్లా వేంపల్లె రాళ్లలో ఎవరైనా ఎముక దొరికిందంటే అక్కడితో ఆగి నవ్వొచ్చు. ఆ రాళ్లు పేరుకున్నప్పుడు భూమి మీద ఎముకలున్న జీవి ఏదీ లేదు. అక్కడ దొరికే పొరలు పొరల గుండ్రటి ఆకారాలు స్ట్రొమటోలైట్లు, సూక్ష్మజీవుల చాపలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నవి. వాటి ముచ్చట వేరే.

నీళ్లు, బ్రష్షు, వెదురు పుల్ల

కడగడంలోనే ఎక్కువ శిలాజాలు పాడవుతాయి. ముక్క నీళ్లకు కరిగే రకమా కాదా చూడటానికి ముందు ఒక మూల తడి చేసి పావుగంట ఆగాలి. పొడి రాలకపోతే మామూలు నీళ్లు, మెత్తటి పళ్ల బ్రష్షు చాలు. గుంటల్లో ఇరుక్కున్న మన్నును వెదురు పుల్లతో తీయాలి, సూదితో కాదు. సూది గీసిన గీత తర్వాత చూసేవాళ్లకు జంతువు పంటిగాటులా కనిపించి తిప్పలు పెడుతుంది.

బాత్రూంలు కడిగే యాసిడ్ జోలికి అసలు పోవద్దు. మెరుస్తుందని కొబ్బరినూనె రాయడం, వార్నిష్ వేయడం కూడా అంతే చేటు. నూనె ఇంకిన ఎముకను రేపు ఎవరైనా అతికించాలన్నా బంక పట్టదు, కోసి చూడాలన్నా లోపలంతా మరకే. అంటుకుని ఉన్న మన్నంతా తీసేయడం కూడా తెలివైన పని కాదు. ఈ ముక్క గరుకు పక్కన బఠాణీ గింజంత ఎర్ర మన్ను గట్టిగా పట్టుకుని ఉంది. దాన్ని అలాగే ఉంచాను. ఏ పొరలోంచి వచ్చిందో చెప్పడానికి ఈ ముక్క వెంట తెచ్చుకున్న సాక్ష్యం అదొక్కటే.

రూపాన్ని నమ్మొద్దు

ఇక అసలు విషయం. అరిగిన శిలాజాన్ని ఆకారం చూసి పోల్చుకోవడం మానేయాలి. వాగు మొట్టమొదట చెరిపేసేది ఆకారాన్నే. కీళ్ల దగ్గరి గుబ్బలు, కండరాలు పట్టుకున్న గట్లు, పళ్ల మొనలు ముందుగా పోతాయి. పైగా అది కొత్త ఆకారాలు కూడా కల్పిస్తుంది. నడుము దగ్గర మెత్తగా ఉన్న మాను ముక్క అరిగితే రెండు చివర్లా గుబ్బలతో అచ్చు తొడ ఎముకే. గుండ్రంగా పేరుకున్న సున్నపు ముద్ద అరిగితే గుడ్డు. 2020లో తమిళనాడులోని పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర బయటపడ్డ గుండ్రాళ్లు డైనోసార్ గుడ్లని ఫోన్లలో ఊరూరా తిరిగింది. అక్కడికి వెళ్లి చూసిన నిపుణులు అవి గుడ్లు కావని, అమ్మోనైట్లనే పాతకాలపు సముద్రజీవుల చుట్టూ పేరుకున్న ముద్దలని తేల్చారు. సున్నపురాతి పలకల మధ్య నల్లగా కొమ్మలు కొమ్మలుగా కనిపించే 'ఆకు ముద్రలు' కూడా చాలాసార్లు మొక్కలు కావు, మాంగనీసు సందుల్లోకి పాకి వేసిన ముగ్గులు.

కానీ వాగు ఒక మేలు కూడా చేస్తుంది. ప్రయోగశాలలో రంపంతో కోసి, పాలిష్ పట్టి చూసే అడ్డుకోతను అది ఊరికే చేసిపెడుతుంది. ఆకారం పోయిన చోట లోపలి అల్లిక బయటపడుతుంది. మాను, ఎముక, ముద్ద ఈ మూడింటినీ వేరుచేసేది ఆ అల్లికే. అందుకే కొత్తగా ఏరేవాళ్లు నునుపుగా, 'బాగున్న' పక్కను చూస్తూ కూర్చుంటారు, పాతకాపులు ముక్కను తిప్పి బాగా అరిగిన కొసను చూస్తారు.

త్రాసు, కత్తి, ఒక చుక్క వెనిగర్

అల్లిక చూడబోయే ముందు వంటింటి సామానుతో చేసే చిన్న పరీక్షలు కొన్ని ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ తీర్పు చెప్పదు, అన్నీ కలిపి దారి చూపిస్తాయి.

బరువు చూద్దాం. ముక్కను డిజిటల్ త్రాసు మీద పెడితే 640 గ్రాములు తూగింది. తర్వాత త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి అంకెను సున్నా చేసి, ముక్కకు దారం కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. ఇప్పుడు త్రాసు చూపించే గ్రాములే ఆ ముక్క ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. ఇక్కడ 220 వచ్చింది. 640ని 220తో భాగిస్తే 2.9. పలుగురాయి సాంద్రత 2.65. సిలికాతో నిండిన మాను ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఎముకలోని ఖనిజం అపటైట్ 3.1 నుంచి 3.2 వరకు పోతుంది. 2.9 అంటే కాటా ఎముక వైపు కొద్దిగా మొగ్గింది. కొద్దిగా అనే అంటున్నాను, ఎందుకంటే ఇనుము పట్టిన మాను కూడా ఇంత తూగగలదు.

గట్టిదనం చూడాలంటే పదునుగా విరిగిన చివర, ఎవరికీ కనపడని మూల ఎంచుకోవాలి. చాకు మొనతో నొక్కి గీస్తే ఇక్కడ సన్నటి గీత పడింది. సిలికాగా మారిన మాను మీద చాకు జారిపోతుంది, పైగా ఆ మాను గాజును గీరుతుంది. ఇది గాజును గీరలేదు. అయితే ఎముక కూడా పూర్తిగా సిలికాగా మారిన సందర్భాలున్నాయి. అలాంటి చోట ఈ పరీక్ష చేతులెత్తేస్తుంది.

ఒక చుక్క వెనిగర్ గరుకు పక్కన వేస్తే సన్నగా నురగ వచ్చింది. సున్నం ఉందన్నమాట. ఎముక గదుల్లో సున్నం చేరడం మామూలే, ముద్దలోనూ సున్నం ఉంటుంది. కాబట్టి దీంతో మాను కాకపోవచ్చన్న అనుమానం బలపడిందే తప్ప ఇంకేమీ తేలలేదు. చుక్క వేసిన చోట వెంటనే నీళ్లతో కడిగేయాలి.

ఇది ఈమధ్య చచ్చిన గేదె ఎముక కాదని ఏమిటి నమ్మకం? న్యాయమైన ప్రశ్నే. సూదిని ఎర్రగా కాల్చి మూలన ఆనిస్తే కొత్త ఎముక వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది, లోపల జీవపదార్థం ఇంకా ఉంటుంది కనక. శిలాజం కొట్టదు. ఇది కొట్టలేదు. నాలుక ఆనించి అంటుకుంటుందేమో చూడమని పాత పుస్తకాలు చెబుతాయి. ఎముకలోని సన్నటి రంధ్రాలు తడిని లాగుతాయన్నది నిజమే. అయినా పశువులు దిగే వాగులోని రాయిని నాకమని నేనెవరికీ చెప్పను. చెమ్మ చేసిన వేలు కొస చాలు. గదులన్నీ ఖనిజంతో నిండిపోయిన ముక్క ఎలాగూ అంటుకోదు.

భూతద్దం కింద

ఇప్పుడు పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం కావాలి, నగల దుకాణంలో కంసాలి కంటికి ఆనించుకునే లాంటిది. దాన్ని రాయి మీద పెట్టి తల దూరంగా ఉంచితే ఏమీ కనపడదు. అద్దం కంటికి దాదాపు తగిలేలా పట్టుకుని, రాయినే దగ్గరికి తెచ్చుకోవాలి. వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడాలి. సాయంత్రపు ఎండ మంచిది, లేదంటే ఫోన్ టార్చి బల్లకు ఆనించి పెట్టాలి. కొసను ఒకసారి తడపాలి. పొడిగా ఉన్నప్పుడు బూడిదగా కనిపించేదంతా తడపగానే రంగులు విడిపోయి కనపడుతుంది.

మాస్టారి ముక్క నునుపు తేలిన కొసలో ముందు కనిపించింది ఒక గట్టి పట్టీ. ఉబ్బెత్తు పక్క వెంబడి, దాదాపు సెంటీమీటరు మందాన, ముదురు గోధుమ రంగులో, కాస్త మెరుపుతో. అందులో సూదిమొన చుక్కలు, బయటి అంచుకు సమాంతరంగా వరసలు తీరి ఉన్నాయి. పట్టీ లోపలి అంచు దగ్గరికి వచ్చేసరికి చుక్కలు పెద్దవై, గుంటలై, గదులయ్యాయి. గదుల మధ్య సన్నటి గోడలు ఒకదానితో ఒకటి కలిసి వలలా అల్లుకున్నాయి. ఏ గదీ పక్కదాని సైజులో లేదు. గదుల్లో తెల్లటి సున్నపు స్ఫటికాలు నిండి ఉన్నాయి. ఇందాక నురగ వచ్చింది వీటివల్లే. ముక్కను పక్కకు తిప్పి పొడవు వెంబడి చూస్తే, కొసలో చుక్కలుగా కనిపించినవే ఇక్కడ సన్నటి పొడవాటి చీలికలుగా సాగాయి. అవి రక్తనాళాలు నడిచిన దారులు.

బయట గట్టి పట్టీ, లోపల స్పంజి అల్లిక, రెండింటి మధ్య గీత గీసినట్టు కాకుండా క్రమంగా మారడం. ఈ మూడూ కలిసి ఉంటే అది ఎముక.

మాను అయితే ఎలా ఉండేది? దాని కొస చీపురుకట్ట అడుగులా ఉంటుంది. వేల కణాలు ఒకే సైజులో, కేంద్రం నుంచి బయటికి నిటారు వరసల్లో కూర్చుని ఉంటాయి. వాటిని అడ్డంగా కోస్తూ ఏటేటి వలయాలు. బయట గట్టి పట్టీ, లోపల మెత్తదనం అన్న తేడా ఉండదు. పొడవు వెంబడి చూస్తే అన్నీ ఒకే దిక్కుకు సాగే పీచులు. ఈ లోయలో దొరికే మాను మరో సంగతి కూడా చెబుతుంది. జురాసిక్ నాటికి పూలు పూసే చెట్లు లేవు. అప్పటి కలప శంఖాకార చెట్లది, సమానమైన సన్న కణాలదే. కోట పొరలో దొరికిందని చెప్పిన మాను కొసలో వేపలోనో టేకులోనో ఉండేలాంటి పెద్ద రంధ్రాలు కనిపిస్తే, అది దొరికిన చోటు గురించి మళ్లీ అడగాలి. సిరోంచ పక్కన వడధాం దగ్గర శిలాజాల పార్కులో ఈ రాతిమానులు నేలమీదే పడి ఉంటాయి. ఒకసారి చూసి వస్తే కన్ను అలవాటు పడుతుంది.

మోసం చేసేవి రెండున్నాయి. ఒకటి పురుగు తొలిచిన మాను. దూరానికి స్పంజిలా ఉంటుంది గానీ, సొరంగాలన్నీ ఒకే లావున ఉండి పీచుకు అడ్డంగా పోతాయి. రెండోది గాలి బుడగల నల్లరాయి. దక్కన్ లావా ఈ లోయ పక్కనే ఉంది కాబట్టి ఆ రాళ్లూ వాగుల్లోకి చేరతాయి. వాటిలో బుడగలు విడివిడిగా ఉంటాయి, మధ్యలో గోడల వల ఉండదు, బయట పట్టీ ఉండదు. ఇనుపరాతి ముద్ద సంగతి తేలిక. కొసలో ఉల్లిపొరల్లాంటి వలయాలో, ఏమీ లేని ఒకే రకం ఇసుకో ఉంటుంది.

మానూ ఎముకా కలిసి దొరకడం కొత్తేమీ కాదు. థగ్గులను అణచిన అధికారిగా మనకు తెలిసిన స్లీమన్ 1828లో జబల్‌పూర్ బారా సిమ్లా కొండలో రాతిమానులు తవ్వుతూనే కొన్ని ఎముకలు కూడా ఏరాడు. ఆయన శాస్త్రవేత్త కాదు, ఊరికే ఆసక్తి ఉన్నవాడు. ఆ ముక్కలు చేతులు మారి కలకత్తా చేరాయి. దాదాపు అర్ధశతాబ్దం గడిచాక 1877లో శిలాజ శాస్త్రవేత్త లిడెకర్ వాటికి టైటానోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. ఆసియాలో దొరికిన మొదటి డైనోసార్ ఎముకలు అవే.

ఎంత పెద్దది, ఎక్కడిది, ఎవరిది

ఎముకని తేలింది. తర్వాతి మెట్టు దాని లావు. చేతిలో ఉన్నది ఎముక చుట్టుకొలతలో ఒక ముక్క మాత్రమే. ఉబ్బెత్తు పక్కకు కాగితం ముక్కను అడ్డంగా ఆనించి, ఆ వంపు ప్రకారం పెన్సిల్‌తో గీయాలి. పిల్లల జామెట్రీ బాక్సులోని వృత్తలేఖినితో ఆ వంపుకు సరిపోయే వృత్తం దొరికేదాకా గీసి చూడాలి. ఇక్కడ దాదాపు 10 సెంటీమీటర్ల అడ్డుకొలత వచ్చింది. పైనున్న పొరల బరువుకు ఎముకలు నలిగి చప్పిడిగా అవుతాయి కాబట్టి ఒక సెంటీమీటరు అటూ ఇటూ వదిలేయాలి.

అంత గుండ్రటి వంపు, అంత మందం పట్టీ ఉన్నది పక్కటెముక కాదు, వెన్నుపూస కాదు, పుర్రె పలక అంతకన్నా కాదు. కాలి ఎముకో చేతి ఎముకో, దాని నడిమి భాగం. తొడదా జంఘదా అన్నది కీలు లేకుండా చెప్పలేం.

ఎవరిది? మలేరి పొరలో అరిగినా గుర్తుపట్టగలిగేవి కొన్ని ఉన్నాయి. విసనకర్ర గట్లలా గీతలున్న ఊపిరితిత్తుల చేప పంటిపలకలు, వరసల మీద వరసలుగా పళ్లు నాటినట్టుండే రింకోసార్ దవడలు, గుంటలు గుంటలుగా చెక్కినట్టుండే మెటోపోసార్ పుర్రె పలకలు, మొసలిని పోలిన పారాసుకస్ వీపు పెంకులు. ఈ ముక్క వీటిలో ఏదీ కాదు. పైగా ఈ జంతువులేవీ 10 సెంటీమీటర్ల లావు కాలి ఎముక ఉండేంత పెద్దవి కావు. అంత లావు ఎముకలున్నవి ధర్మారం, కోట పొరల్లోనే కనిపిస్తాయి. ధర్మారం పొరలో దొరికిన, 2007లో పేరు పెట్టిన లాంప్లూసారా పొడవాటి మెడ డైనోసార్. కోట పొరలో బారాపాసారస్, కోటాసారస్ ఉన్నాయి. మరి గట్టిగా పట్టుకున్న ఆ ఎర్ర మన్ను? మలేరి, ధర్మారం పొరల్లో ఎర్రమన్ను ఉంది, కోట పొర అడుగుభాగంలోనూ ఉంది. బఠాణీ గింజంత మన్ను ఇంతకన్నా చెప్పదు.

అంటే మాస్టారు అన్న మాట తప్పుకాకపోవచ్చు. కానీ ఒప్పని చెప్పడానికి ఈ ముక్క ఒప్పుకోదు. ఈ రెంటికీ తేడా ఉంది, ఆ తేడా దగ్గర ఆగడం చేతకాక పెద్దపెద్దవాళ్లే చిక్కుల్లో పడ్డారు. నాగ్‌పూర్‌లో మిషనరీగా పనిచేస్తూ శిలాజాలు ఏరిన హిస్లాప్ పేరు మీద పెట్టిన పారాసుకస్ హిస్లాపీ సంగతే చూడండి. మలేరి నుంచి వెళ్లిన తునకల్ని ఒకే జంతువువిగా ఎంచారు. వాటిలో ముట్టె ముక్క మొసలిలాంటి జంతువుది, పుర్రె అడుగుభాగం రింకోసార్‌ది అని చాలా ఏళ్లకు గానీ తేలలేదు. స్లీమన్ ముక్కల కథ కూడా అలాగే ముగిసింది. టైటానోసారస్‌కు ప్రత్యేకమనుకున్న లక్షణాలు తర్వాత చాలా జంతువుల్లో కనిపించడంతో, ఆ పేరు ఇప్పుడు నిలబడదని ఎక్కువమంది అంటున్నారు. వెన్నుపూస మొత్తంగా ఉన్నవాటి గతే ఇది. అరిగిన కాలి ఎముక ముక్కకు జాతి పేరు పెట్టడం దుస్సాహసం.

ఇంకా ముందుకు పోవాలంటే ఒకే దారి. పట్టీలోంచి చిన్న పలుకు కోసి, గాజు మీద అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోపులో చూడాలి. ఎముక ఎంత వేగంగా పెరిగిందో, జంతువు పిల్లదా ఎదిగిందా అన్నవి అప్పుడు కొంత తెలుస్తాయి. అది ఇంట్లో చేసే పని కాదు, ముక్కను కోయాలి కూడా. వాగులో కొట్టుకొచ్చిన ముక్కకు అంత ఖర్చు పెడతారా అంటే, పొర తెలిస్తే పెడతారు, తెలియకపోతే పెట్టరు.

అందుకే చీటీ. నునుపు పక్కన కనపడని మూల తెల్ల పెయింటు చుక్క పెట్టి, దాని మీద నంబరు రాయాలి. అదే నంబరుతో చీటీలో తేదీ, వాగు పేరు, అక్షాంశ రేఖాంశాలు, 'వాగులో, పొరలో కాదు' అన్న మాట, ఏరినవాళ్ల పేరు, చివరగా గుర్తింపు రాయాలి. మా చీటీలో గుర్తింపు ఇది: 'పెద్ద సరీసృపం, కాలు లేదా చేతి ఎముక నడిమి భాగం. ధర్మారం లేదా కోట పొర?' ఆ ప్రశ్నార్థకాన్ని చెరిపేయకూడదు. మాస్టారికి ఆ చీటీ కొంచెం చప్పగా అనిపించింది. "డైనోసార్ అని బ్రాకెట్లనన్న రాయొద్దా సార్?" అన్నారు. రాయనివ్వలేదు.

వాగు ఎదురు నడక

ప్రశ్నార్థకం పోవాలంటే ముక్క మీద ఇంకేమీ చేయనక్కర్లేదు, అది వచ్చిన దారిన వెనక్కి పోవాలి. వాగు అడుగు బయటపడే ఎండాకాలం దీనికి అనువైన రోజులు. దొరికిన చోటు నుంచి ఎగువకు, రెండు గట్ల వెంబడీ చూస్తూ నడవాలి. పెంకులు కనిపించిన ప్రతిచోటా ఫోటో తీసి, సంఖ్య రాసుకోవాలి. పైకి పోయేకొద్దీ పెంకులు ఎక్కువవుతాయి, వాటి అంచులు పదునెక్కుతాయి. ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోతాయి. పాయలు చీలిన చోట రెండు పాయల్లోనూ కొంత దూరం నడిచి, పెంకులున్న పాయనే పట్టుకోవాలి. పెంకులు ఆగిపోయిన చోటికి కాస్త దిగువన, గట్టులోనో పక్కనున్న మిట్టమీది గండిలోనో ఎముక ఇంకా మన్నులో ఉండే అవకాశం ఉంది.

కనిపిస్తే అక్కడ తవ్వొద్దు. గడ్డపార దెబ్బకు కోట్ల ఏళ్ల ఎముక బిస్కెట్టులా పగులుతుంది. పగిలిన ముక్కలు ఏ వరసలో ఉన్నాయో మళ్లీ తెలియదు. ఏ పొరలో ఉంది, పైన ఏముంది, కింద ఏముంది, ఎముక ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఇవన్నీ కనిపించేలా ఫోటోలు తీసి హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయానికో, దగ్గరి విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికో చీటీ నకలుతో పాటు పంపాలి. వాళ్లు వచ్చేదాకా వారాలు, నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా బయటపడ్డ ఎముక ఎండకు బీటలు వారకుండా, దారినపోయేవాళ్ల కంట పడకుండా, అక్కడి మన్నునే దాని మీద బెత్తెడు మందాన కప్పి రండి. పక్కన గుర్తుకు కర్ర పాతకండి. ఫోన్‌లో లొకేషన్ ఉంది కదా.